ఆయమ్మ కోసం చేసిన ప్రార్థన

మా యూనియన్ అంటే నాకు చాలా ఏళ్లు ఒక డైరీ, ఒక క్యాలెండరు. కొత్త సంవత్సరం మొదటి వారంలో మండలం నాయకుడెవరో మోటారు సైకిలు మీద వచ్చి స్టాఫ్ రూములో అందరికీ పంచిపెట్టేవారు. సభ్యత్వం పుస్తకంలో సంతకం పెట్టి, టీ ఇచ్చి పంపేవాళ్లం. క్యాలెండరు వంటింట్లోకి వెళ్లేది. డైరీలో నేను ఆదివారం ప్రసంగాల నోట్సు రాసుకునేదాన్ని. పెన్షన్ గురించో బదిలీల గురించో ధర్నా ఉందని ఫోన్లో మెసేజ్ వస్తే, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ఊరుకునేదాన్ని.

మాది మిషన్ బడి. నరసాపురం వైపు పోయే కాలువ గట్టు మీద, చర్చి ఆవరణలోనే ఉంటుంది. మా టీచర్ల జీతాలు ప్రభుత్వం ఇస్తుంది, పెత్తనం మిషన్‌ది. చర్చి పాస్టరుగారే బడికి కరస్పాండెంటు. ఆయన్ని అయ్యగారు అంటాం, ఆయన భార్యని అమ్మగారు అంటాం. ఆదివారం ఉదయం ఆయన చేతి నుంచి ప్రభు భోజన సంస్కారపు రొట్టె తీసుకుంటాం. సోమవారం ఉదయం అదే చేతికి సెలవు చీటీ ఇస్తాం. ఇందులో ఇబ్బంది ఏదైనా ఉందని నాకెప్పుడూ తోచలేదు. పైగా గర్వంగా ఉండేది. పనిలోనూ దేవుని సేవకుడి కింద ఉన్నాననుకునేదాన్ని.

రిటైరైనవాళ్ల స్థానాల్లో కొత్తవాళ్లు రాక, చివరికి ఆరుగురం టీచర్లం మిగిలాం. ఏడో మనిషి ఆయమ్మ.

పిల్లలతోపాటు నేనూ బడిలో ఆమెను ఆయమ్మా అనేదాన్ని. చర్చిలో అక్కా అనేదాన్ని. ఇద్దరం ఒకే పేటలో పుట్టినవాళ్లం. మా అమ్మ బైబిల్ స్త్రీగా ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పే రోజుల్లో వాళ్ల అరుగు మీదే ఎక్కువసేపు కూర్చునేది. ఆమె మాత్రం బడిలోనూ చర్చిలోనూ నన్ను టీచరమ్మగారూ అనే పిలిచేది.

తెల్లవారగానే వచ్చి గదులు ఊడ్చేది. మరుగుదొడ్లు కడిగేది. గంట కొట్టేది. ఒకటో తరగతి పిల్లలు నిక్కరు తడుపుకుంటే కడిగి, తన సంచిలోంచి పొడి నిక్కరు తీసి తొడిగేది. చివరి పీరియడులో పని లేనప్పుడు వరండా మెట్టు మీద కూర్చుని లేసు అల్లేది. మా వైపు ఆడవాళ్లకు ఆ సూది పట్టడం ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. కళ్లు పిల్లల మీద ఉండేవి, వేళ్లు దారం మీద ఉండేవి.

ఉదయం మేం గేటు దగ్గర ఫోనుకి మొహం చూపించి హాజరు వేసుకోవాలి. ఒక్కోరోజు ఆ యాప్ నా మొహాన్ని ఎంతకీ గుర్తుపట్టేది కాదు. ఆయమ్మ చీపురు పట్టుకుని నవ్వేది.

"మీరెవరో దానికి తెలీటం లేదా టీచరమ్మగారూ? నయం, మిమ్మల్ని అడుగుతోంది. నన్నయితే అసలు అడగనే అడగదు. పందొమ్మిదేళ్ల నుంచీ స్టాకు రిజిస్టర్లో నా చీపురుంది, నా బకెట్టుంది. నేనే లేను."

అందరం నవ్వేవాళ్లం. సరదాకి అంటోందనుకున్నాం.

ఒంటిపూట బడులు మొదలైన రోజుల్లో ఒకనాడు లెక్కల మాస్టారు స్టాఫ్ రూములోకి వచ్చి తలుపు దగ్గరగా వేశారు. ఆయనే మాకు ఇన్‌ఛార్జి హెడ్మాస్టరు కూడా. రిటైర్మెంటు ఇంకో ఏడాదిలోకి వచ్చింది.

"ఊడవటం, కడగటం అన్నీ ఏజెన్సీకి ఇచ్చేస్తున్నారంటండి. వాళ్ల మనుషుల్ని వాళ్లే పంపుతారంట. ఆయమ్మని ఇంక రావద్దంటారు. కాగితం నా టేబుల్ మీదకొచ్చింది."

సోషల్ మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు. మాలో ఆయనొక్కరే హిందువు. పాలకొల్లు దగ్గర రైతుల కుటుంబం. ఇంకెవరూ ఒప్పుకోక యూనియన్ యూనిట్‌కి ఆయనే కార్యదర్శి అయ్యారు.

"యూనియన్‌లో పెడదామండి," అన్నారాయన.

"ఏం పెడతారండీ? ఆవిడేమైనా మన మెంబరా?" అంది ఇంగ్లీషు టీచరు.

"కాకపోతే చేర్చుకుందాం."

"ఇది టీచర్ల యూనియన్ అండి బాబూ. పోనీ నాన్ టీచింగ్ వాళ్ల సంఘంలో చేరమనండి."

"అడిగానండి. ఎయిడెడ్ పోస్టులో ఉంటేనే చేర్చుకుంటామన్నారు. ఈవిడకి పోస్టే లేదు కదా."

"మరి ఇన్నాళ్లూ ఏ పోస్టులో ఊడ్చిందండీ?" అన్నారు లెక్కల మాస్టారు.

ఆయన అమాయకంగానే అడిగారు.  అంతలో బయట గంట మోగింది, ఆమే కొట్టింది, మేం లేచి క్లాసులకు వెళ్లాం.

కానీ సోషల్ మాస్టారు వదల్లేదు. ప్రతిరోజూ బడి విడిచిపెట్టాక ఒక పావుగంట కూర్చోబెట్టేవారు. సంఘం అంటే ఏమిటో ఆ పావుగంటల్లోనే నాకు మొదటిసారి తెలిసింది. మన జీతానికి ప్రభుత్వం ఉంది, మన సర్వీసుకి రిజిస్టరు ఉంది, ఆవిడకి మనం తప్ప ఎవరున్నారండీ అనేవారు. రూల్సు ఒప్పుకోకపోతే యూనియన్ పేరు పక్కన పెట్టి 'సిబ్బంది అందరం' అని రాద్దామన్నారు. ఆ మాట నాకు నచ్చింది. ఐగుప్తులో బానిసలుగా ఇటుకలు చేసినవాళ్ల మొర దేవుడు విన్నాడని చిన్నప్పటినుంచీ పిల్లలకి చెబుతున్నదాన్ని. ఆ మొర మా వరండాలోనే ఉందని ఒక బొట్టు పెట్టుకున్న మాస్టారు చూపించాల్సి వచ్చింది.

ఆయన చెప్పిన ఉపాయం తేలికైంది. వచ్చే మంగళవారం మిషన్ విద్యా బోర్డు ఛైర్మన్‌గారు బడి చూడడానికి వస్తున్నారు. పిల్లల తల్లిదండ్రులూ వస్తారు. మొదటి గంట కొట్టగానే ఆరుగురం వరండాలో నిలబడాలి. ఆయమ్మని కొనసాగిస్తున్నట్టు రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చేదాకా క్లాసుల్లోకి వెళ్లకూడదు. అందరి సంతకాలతో మెమొరాండం ఛైర్మన్‌గారి చేతికే ఇవ్వాలి. అంతమంది ముందు ఆయన కాదనలేరు.

"ఒక్కటే సంగతి," అన్నారు సోషల్ మాస్టారు. "ఆ రోజుదాకా అయ్యగారికి తెలియకూడదు. తెలిస్తే ఒక్కొక్కరినీ విడిగా పిలుస్తారు. ఆరుగురం కలిసి నిలబడితే ఆయన ఒక్కరు. విడివిడిగా పిలిస్తే ప్రతిసారీ మనమే ఒక్కరం. ఇంట్లో కూడా చెప్పకండి."

అందరం సరేనన్నాం. మెమొరాండం నేనే రాశాను, నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని.

సంతకాలు మాత్రం ఒక్కరోజులో కాలేదు. లెక్కల మాస్టారు మెట్ల దగ్గర నన్ను ఆపి, "చెయ్యి వణుకుతోందమ్మా. నా పెన్షన్ కాగితాల మీద ఆయన సంతకమే కావాలి," అన్నారు. ఇంగ్లీషు టీచరు నా పక్కన కూర్చుని ఏడ్చింది. వేసవిలో వాళ్లమ్మాయి పెళ్లి. పెళ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో వివాహ ప్రకటన చదవాలి. చదివేది అయ్యగారే. "ఆయన ఏదో అడ్డం చెప్పి ఆపేస్తే మగపెళ్లివారికి ఏం చెప్పుకోమంటావే?" అంది. ఇద్దరికీ ఒకటే చెప్పాను: మీ ధైర్యం కోసం నేను ప్రార్థన చేస్తాను. శనివారానికి ఇద్దరూ సంతకం పెట్టారు.

ఆయమ్మని లోపలికి పిలిచి కాగితం చూపించాం. ఆమె ఐదో తరగతిదాకా చదువుకుంది. వేలు పెట్టి ఒక్కో పేరూ చదివింది.

"ఆరుగురూ పెట్టారా?"

"ఆరుగురం."

"అయితే మంగళవారం గంట చూడండి ఎలా కొడతానో," అంది. "నరసాపురం రేవులో పడవ ఎక్కేవాళ్లు కూడా బడికి టైమైందనుకుని దిగిపోవాలి."

నా గురించి ఒక విషయం ఇక్కడ చెప్పాలి. నేను ప్రార్థన బాగా చేస్తాను. ఇది మా చర్చి సంఘంలో అందరికీ తెలిసిన సంగతి. తొమ్మిదేళ్ల వయసులోనే మా అమ్మ నన్ను ప్రార్థన కూడికల్లో నిలబెట్టి గట్టిగా ప్రార్థన చేయించేది. దేవుని దగ్గర చుట్టూ తిప్పి మాట్లాడకూడదు, ఎవరి కోసం అడుగుతున్నావో పేరు పెట్టి అడగాలి, ఏం కావాలో విడమరిచి అడగాలి అని నేర్పింది. జబ్బు మనిషి కోసం ప్రార్థిస్తే ఆ జబ్బు పేరు చెప్పాలి. పరీక్ష కోసం అయితే ఆ సబ్జెక్టు చెప్పాలి. అలా చెప్పేకొద్దీ కళ్లలో నీళ్లు వస్తాయి, వింటున్నవాళ్లకీ వస్తాయి. నా ప్రార్థనకి గోడలు కదులుతాయని పేటలో అనేవాళ్లు. నేను వద్దని ఎప్పుడూ అనలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం స్త్రీల సమాజం ఉపవాస ప్రార్థన. చర్చి పక్క హాల్లో చాపలు పరుచుకుని ముప్పైమందిమి కూర్చున్నాం. పైన ఫ్యాన్లు తిరుగుతున్నా చెమటలు కారుతున్నాయి. పొద్దుటినుంచీ నీళ్లు కూడా తాగలేదు. అమ్మగారు విన్నపాలు అడిగారు. ఒకామె మోకాళ్ల నొప్పి చెప్పింది, ఒకామె కొడుకు వీసా చెప్పింది. "అన్నిటి కోసం నువ్వు ప్రార్థన చెయ్యమ్మా," అని అమ్మగారు నన్నే చూశారు.

మొదలుపెట్టాను. మోకాళ్లూ అయ్యాయి, వీసా అయింది. అప్పుడు నా గుండె బరువెక్కింది. ఇప్పటికీ అది ఆత్మ ప్రేరేపణ అని నమ్మాలనిపిస్తుంది. "ప్రభువా, నీ ఆలయం పక్కనే పందొమ్మిదేళ్లు ఊడ్చిన నీ బిడ్డని జ్ఞాపకం చేసుకో," అన్నాను. చుట్టూ స్తోత్రాలు లేచాయి. "మంగళవారం ఉదయం గంట మోగగానే మేము నిలబడబోతున్నాం తండ్రీ, మాతో నిలబడు. ఛైర్మన్‌గారి మనసు మెత్తబరచు. పెన్షన్ కాగితాల కోసం చెయ్యి వణుకుతున్న మా మాస్టారికి బలమియ్యి. కూతురి వివాహ ప్రకటన కోసం భయపడుతున్న నా సహోదరిని ధైర్యపరచు. మా ఆరుగురిలో ఒక్కరినీ జారిపోనివ్వకు." చాలాసేపు చేశాను. ముగించేసరికి హాలంతా ఏడుస్తోంది. అందరూ ఒక్క గొంతుతో ఆమేన్ అన్నారు.

అమ్మగారు వచ్చి నన్ను కౌగిలించుకున్నారు. "ఎంత భారంతో చేశావమ్మా," అన్నారు.

ఆ వారమంతా మా ఆయనతో ఒక్క ముక్క చెప్పలేదు. ఆయన అడిగినా చెప్పలేదు. నోరు అదుపులో పెట్టుకున్నానని నాకు సంతోషం. దేవునికి చెప్పడం ఎవరికో చెప్పడం అవుతుందని నాకు తోచనే లేదు. మేం పెరిగిన పద్ధతిలో అది తోచదు. కూడికలో కళ్లు మూసుకున్నాక అక్కడ ఇంకెవరూ ఉండరని మేం అనుకుంటాం. ఇంటికి వెళ్లి ఉపవాసం విడిచి, కంటినిండా నిద్రపోయాను.

సోమవారం అయ్యగారు ఏడున్నరకే బడికి వచ్చి హెడ్మాస్టరు గదిలో కూర్చున్నారు. ముందు ఇంగ్లీషు టీచరుకి కబురొచ్చింది. పది నిమిషాల్లో బయటికి వచ్చింది. నా వైపు చూడకుండా క్లాసులోకి వెళ్లిపోయింది. తర్వాత లెక్కల మాస్టారు. తర్వాత చిన్న తరగతుల టీచర్లు ఇద్దరూ. సోషల్ మాస్టారిని మాత్రం పిలవలేదు. ఫోన్లో మా యూనిట్ గ్రూపు ఒకటి ఉండేది. ఒక్కొక్కరూ గ్రూపులోంచి వెళ్లిపోయారన్న వరస నల్లబోర్డు ముందు నిలబడే చూశాను. మూడో తరగతి పిల్లలు రెండో ఎక్కం అప్పజెబుతున్నారు.

లెక్కల మాస్టారు వరండాలో ఎదురయ్యారు.

"'కాగితాల కోసం చెయ్యి వణుకుతోందంట కదా మాస్టారూ' అన్నారమ్మా నాతో. కోపంగా కాదు, ప్రేమగానే అన్నారు. 'వణకాల్సిన పనేముంది, అవి నా టేబుల్ మీదే ఉన్నాయి' అన్నారు." ఆయన క్లాసు వైపు తిరిగారు. "వణుకు సంగతి నేను నీతో తప్ప ఎవరితోనూ అనలేదమ్మా."

 అప్పుడు తెలిసింది. ఆ ముప్పైమంది గుర్తొచ్చారు, కౌగిలింత గుర్తొచ్చింది.

నన్ను ఆఖర్న పిలిచారు. అయ్యగారు కుర్చీ చూపించారు.

"నిన్న మీ ప్రార్థన గురించి అమ్మగారు ఇంటికొచ్చి చెప్పారు. అన్నం కూడా తినలేదు, అంతగా కదిలిపోయారు. దేవుడు మీకిచ్చిన వరం అది."

నేను తల వంచుకున్నాను.

"కానీ టీచరుగారూ, మనలో మనకి యూనియన్లూ మెమొరాండాలూ ఏంటండి? మనం ఒక కుటుంబం కాదూ? ఇంట్లో మాట ఇంట్లో చెప్పుకోవాలి. అన్యులతో కలిసి వీధిలో నిలబడతామా?"

కుటుంబమైతే పందొమ్మిదేళ్లు ఆవిడ పేరు ఎక్కడా ఎందుకు రాయలేదండీ అని అడగొచ్చు. ఆ జవాబు నాకు నాలుగు రోజుల తర్వాత, గిన్నెలు తోముతుంటే వచ్చింది. అప్పుడు మాత్రం, "అవునండి అయ్యగారూ," అన్నాను. ఆయన మా ఇద్దరి కోసం ప్రార్థన చేశారు. నేను ఆమేన్ అని కూడా అన్నాను.

బడి విడిచిపెట్టేలోపు ఆయమ్మకి కబురు అందింది. రేపటినుంచి రానక్కర్లేదు.

నేను వెళ్లేసరికి కుళాయి దగ్గర బకెట్లు కడిగి బోర్లిస్తోంది. రేపు ఎవరో వాడబోయే బకెట్లు.

"ఆయమ్మా, నేను కావాలని చెప్పలేదు," అన్నాను. "నీ కోసం ప్రార్థన చేశానంతే."

"తెలుసండి. గుమ్మం దగ్గర నేనూ కూర్చున్నానుగా."

"దేవుడితోనే కదా చెప్పాను…"

ఆమె చెంగుతో చేతులు తుడుచుకుంది.

"దేవుడికి మంగళవారం అని చెప్పాలా టీచరమ్మగారూ? మాస్టారి చెయ్యి వణుకుతోందని ఆయనకి తెలీదా? మనం అడక్కముందే మనకేం కావాలో ఆయనకి తెలుసని మీ అమ్మే చెప్పేది మా అరుగు మీద కూర్చుని. తెలిసినాయనకి అంత విడమరిచి చెప్పారే, మరి ఎవరికి చెప్పినట్టు?"

నాకు కోపం కూడా వచ్చింది. తప్పు చేసినవాళ్లకి వచ్చే కోపం. "అర్థమైతే అక్కడే ఆపొచ్చుగా నన్ను," అన్నాను.

"ప్రార్థన మధ్యలో ఎవరైనా ఎలా ఆపుతారండీ? అందరూ కళ్లు మూసుకుని ఏడుస్తున్నారు. అమ్మగారు ఒక్కరే కళ్లు తెరిచి మీ వైపు చూస్తున్నారు. నేను చూశాను. చూసి మళ్లీ మూసుకున్నాను." ఆమె చీపురు తీసి గోడకి ఆనించింది. "ఆమేన్ అని నేనూ అన్నానండి. అనకపోతే బాగుంటుందా?"

మంగళవారం గంట ఏజెన్సీ మనిషి కొట్టాడు. ఎన్నిసార్లు కొట్టాలో తెలియక మూడుసార్లు కొట్టి ఆపేశాడు. పిల్లలు వరసలో నిలబడాలో లోపలికి వెళ్లాలో తెలియక మా మొహాలు చూశారు. ఛైర్మన్‌గారి కారు వచ్చింది. దండలు వేశారు. ఐదో తరగతి అమ్మాయిలు స్వాగత గీతం పాడారు. సోషల్ మాస్టారు వరండా మధ్యలో మెమొరాండం పట్టుకుని నిలబడ్డారు. ఆయన పక్కకి వెళ్లి నిలబడ్డాను. పక్కకి అంటున్నాను గానీ, రెండడుగుల వెనక. మిగిలిన నలుగురూ క్లాసుల్లో ఉన్నారు. లెక్కల మాస్టారి గది నుంచి గట్టిగా ఎక్కాలు వినబడుతున్నాయి.

ఛైర్మన్‌గారు నవ్వుతూ కాగితం అందుకుని, సంతకాలు చూసి, మమ్మల్ని చూసి, "ఆరు సంతకాలున్నాయి, మనుషులు ఇద్దరేనా?" అన్నారు.

"ఇద్దరు ముగ్గురు కూడుకున్నా చాలు, దేవుడు మధ్యలో ఉంటాడని మీరే చెబుతారు కదండీ," అన్నారు సోషల్ మాస్టారు.

ఛైర్మన్‌గారి నవ్వు అలాగే ఉంది. పరిశీలిస్తామన్నారు. మెమొరాండం అయ్యగారి చేతికి ఇచ్చారు.

వేసవి సెలవులయ్యాక బడులు తెరిచేసరికి సోషల్ మాస్టారిని ఏటి అవతల లంకలో ఉన్న మిషన్ బడికి బదిలీ చేశారు. పడవ దాటి, మళ్లీ ఆటో ఎక్కి వెళ్లాలి. ఇంగ్లీషు టీచరు కూతురి ప్రకటనలు మూడు ఆదివారాలూ చదివారు. లెక్కల మాస్టారి కాగితాల మీద సంతకం అయింది. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఎక్కడికీ పంపలేదు. సాయంకాలపు కూడికల్లో ప్రార్థన నన్నే చేయమనేవారు, ఇదివరకటికంటే ఎక్కువగా. సోషల్ మాస్టారికి పడిన శిక్ష కంటే అది పెద్దదని మెల్లగా తెలిసింది. యూనియన్ మండలం మీటింగుకి వెళ్తే వెనక వరసలో ఇద్దరు మాట్లాడుకోవడం విన్నాను. "ఆవిడ అయ్యగారి మనిషండీ, చూసి మాట్లాడండి." వెనక్కి తిరిగి, కాదని చెప్పలేదు. ఏమని చెబుతాను? మీ సంగతి నేను పాస్టరుగారికి చెప్పలేదు, దేవుడికి చెప్పాను అనా?

విశ్వాసం వదిలేశావా అని మా ఆయన ఒకసారి అడిగాడు. వదల్లేదు. వదిలితే ఆ తప్పు దేవుని మీదకి నెట్టినట్టవుతుంది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమని ప్రభువే చెప్పాడు. ఎన్నిసార్లు పిల్లలకి కంఠతా పట్టించానో ఆ మాట. వీధి మూలల్లో నిలబడి ప్రార్థించేవాళ్లు ఎవరో వేరేవాళ్లనుకున్నాను. చాప మీద మోకరించి, ఏడుస్తూ చేసేదాన్ని కాబట్టి నేను వాళ్లలో లేననుకున్నాను. ఇప్పుడు కూడికల్లో ప్రార్థన చేయమంటే గొంతు బాగోలేదంటాను. ఏడాదిన్నరగా గొంతు బాగోలేదు. అమ్మగారు మిరియాల కషాయం చెప్పారు.

ఆయమ్మ చర్చి మానలేదు. గుమ్మం దగ్గర తన చోటులోనే కూర్చుంటుంది. నమస్కారం పెడితే పెడుతుంది. లేసు కంపెనీకి అల్లి ఇస్తోందనీ, ఒక ఆసుపత్రిలో ఊడ్చే పనికి కుదిరిందనీ వాళ్లూ వీళ్లూ చెప్పగా విన్నాను.

మొన్న వేసవిలో సోషల్ మాస్టారు ఫోన్ చేశారు. మా ఒక్క బడిలోనే కాదు, మిషన్ బడులన్నిటిలోనూ ఏజెన్సీ వచ్చింది. తీసేసిన, తీసేయబోయే ఆయాలు, వాచ్‌మన్లు కలిసి సొంతంగా ఒక సంఘం పెట్టుకుంటున్నారు.

"మెమొరాండం రాయాలండి. మీ రాత బాగుంటుందని ఆవిడే మిమ్మల్ని పిలవమంది."

"ఆయమ్మా?"

"ఆవిడే అధ్యక్షురాలు మరి," అని నవ్వారు.

ఆ రాత్రంతా దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. నిశ్శబ్దంగానే చెప్పుకున్నాను. క్షమించిందనుకున్నాను. తెల్లచీర కట్టుకుని, రెండు కొత్త పెన్నులు కొనుక్కుని బస్సెక్కాను.

కాలువ లాకుల దగ్గర రేకుల షెడ్డులో కూర్చున్నారు. ఇరవైమంది దాకా ఉన్నారు, ఎక్కువగా ఆడవాళ్లు. ఆయమ్మ ప్లాస్టిక్ కుర్చీలో ఉంది, ఒళ్లో లేసు లేదు. నాకు ఇంకో కుర్చీ, రాసుకోవడానికి ఒక చెక్క బల్ల ఇచ్చారు. మజ్జిగ ఇచ్చారు. ఒక్కొక్కరూ చెబుతుంటే రాశాను. ఎన్నేళ్లు చేశారు, ఏ పని చేశారు, ఏ మాట మీద తీసేశారు. ఒక వాచ్‌మన్ తను పాముని కొట్టిన సంగతి కూడా రాయమన్నాడు. "పాము సంగతి ఎందుకయ్యా, నిన్ను తీసేసినాయన పేరు రాయించు," అంది ఆయమ్మ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తన వంతు వచ్చినప్పుడు ఆమె పందొమ్మిది అని అంకెలో కాకుండా అక్షరాల్లో రాయించింది.

మూడు పేజీలయ్యాయి. నేను చదివి వినిపించాను. రెండు చోట్ల మార్పించారు. సంతకాలకి చోటు వదిలి, కాగితాలు ఆమె చేతికి ఇచ్చాను. ఆమె జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది.

"శుభ్రంగా రాశారమ్మా. ఇంక బయల్దేరండి, మీకు బస్సు టైమవుతుంది."

బస్సుకి ఇంకా గంట పైనే ఉంది. అది ఆమెకీ తెలుసు. 

"నేనూ కూర్చుంటాను అక్కా," అన్నాను. "ఏ రోజు నిలబడతారో తెలిస్తే సెలవు పెట్టుకుని వస్తాను."

"వద్దండి," అంది. కోపం లేదు, చిన్నపిల్లలకి చెప్పినట్టు చెప్పింది. "మీకు తెలియకపోతేనే మీకు సుఖం. మాకూ సుఖం."

ఇరవైమందీ నేను లేవడం కోసం ఎదురుచూస్తున్నారు. లేచాను. ఎవరో నా సంచి అందించారు. గట్టు ఎక్కి రోడ్డు మీదకి వచ్చేదాకా షెడ్డులో మాటలు మొదలుపెట్టలేదు. నేను దూరం వెళ్లాకే మొదలుపెట్టారు. గొంతులు వినబడ్డాయి గానీ మాటలు తెలియలేదు. బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడ్డాను. వాళ్ల కోసం ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకుని, ఏమని అడగాలో, ఏ రోజు కోసం అడగాలో తెలియక మళ్లీ తెరిచాను.